కట్లు విప్పితే సరిపోదు, చోటివ్వాలి



ఫిల్మ్‌నగర్ బస్తీల్లో ఉండే మనలో చాలామంది సినిమాలకి సెట్లు కడతాం, లైట్లు మోస్తాం. సెట్‌లో యుద్ధమైతే సాయంత్రానికి ప్యాకప్. చచ్చినోళ్లు లేచి టీ తాగి ఇంటికి పోతారు. నిజం యుద్ధానికి ప్యాకప్ లేదు.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, దానికీ మావోయిస్టులకూ మధ్య నలిగి వేలమంది ఆదివాసులు మన గోదావరి అడవుల్లోకి పారిపోయి వచ్చారు. మనం గుత్తికోయలంటున్నది వాళ్లనే. అక్కడ వాళ్లు ఎస్టీలు. ఇక్కడ ఆ సర్టిఫికెట్ లేదు. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు. ఆ పిల్లలేం కావాలి?

ఏడేళ్ల సోపాకుణ్ణి శ్మశానంలో శవానికి కట్టేసి పోయారని థేరగాథల అట్ఠకథ చెబుతుంది. బుద్ధుడు ఆ కట్లు విడిపించి, 'అయ్యో పాపం' అని ఊరుకోలేదు. సంఘంలో చోటిచ్చాడు. భయం పోవాలంటే ముందు చోటు కావాలి.

కాగితం లేని బతుకేంటో మనకొకరు చెప్పాలా? 1956లో బౌద్ధం స్వీకరించిన మనవాళ్లకి కేంద్ర చట్టంలో ఎస్సీ గుర్తింపు 1990లో గానీ రాలేదు.

బడికైతే కులం సర్టిఫికెట్ అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలెవరినైనా చేర్చుకోవాలి. వయసు పత్రం లేదని తిప్పి పంపకూడదు. వయసుకు తగ్గ క్లాసులో కూర్చోబెట్టాలి. అడవి జిల్లాల్లోని ఉపాసకులారా, ఒక పిల్లను వెంటబెట్టుకెళ్లి పేరు రాయించండి. బస్తీలో ఉన్నోళ్లం, పక్క గుడిసెలోకి వలసొచ్చిన పిల్లాడితో మొదలుపెడదాం.

తెర ముందు కార్చే కన్నీరు కరుణ కాదు. బడి గేటు దాకా నడిచేదే కరుణ.

భవతు సబ్బ మంగళం.