కొండ ఎవరి వనరు?

సంతకు వెళ్లని ఇల్లు మన ఏజెన్సీలో ఉండదు. చింతపండు, పసుపు, పిప్పళ్లు, రాజ్మా, అడ్డాకులు మోసుకెళ్తాం. ఉప్పు, ఎండుచేప, గుడ్డలు తెచ్చుకుంటాం. కొండ మీద ఉప్పు పండదు, సముద్రం ఒడ్డున పిప్పలి కాయదు. లేనిది తెచ్చుకుని ఉన్నది ఇవ్వడంలో తప్పు లేదని మన తాతలకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. వాళ్ల గొడవంతా తక్కెడ ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే.

దేశాల మధ్య వ్యాపారం గురించి చదివినప్పుడల్లా మనకు ఈ సంతే గుర్తుకొస్తుంది. 1817లో ఇంగ్లండుకు చెందిన డేవిడ్ రికార్డో ఒక లెక్క వేశాడు. కొంత గుడ్డ నేయడానికి ఇంగ్లండులో 100 మంది ఏడాదిపాటు పనిచేయాలి, కొంత ద్రాక్షసారా తీయడానికి 120 మంది కావాలి. పోర్చుగల్‌లో అదే గుడ్డకు 90 మంది, సారాకు 80 మంది చాలు. రెండింటిలోనూ పోర్చుగలే మెరుగు. అయినా పోర్చుగల్ సారా తీసి, ఇంగ్లండు గుడ్డ నేసి మార్చుకుంటే ఇద్దరికీ లాభమే అన్నాడు. తర్వాత స్వీడన్ పండితులు హెక్షర్, ఒహ్లిన్ దీన్ని ఇంకో వైపు నుంచి చెప్పారు. భూమి, మనుషుల శ్రమ, పెట్టుబడి, వీటిలో ఏది ఏ దేశంలో పుష్కలమో, అది ఎక్కువగా పట్టే సరుకునే ఆ దేశం తయారుచేసి అమ్ముతుందన్నారు.

లెక్క తప్పు కాదు. కానీ లెక్కలోకి రానివాళ్లు కొందరున్నారు. 18వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి కొన్న సరుకుకు సారా అమ్మిన డబ్బు చాలక, పోర్చుగల్ బ్రెజిల్ బంగారంతో బాకీ తీర్చింది. ఆ బంగారం తవ్వినవాళ్లు ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు. రికార్డో పట్టికలో ఇంగ్లండు ఉంది, పోర్చుగల్ ఉంది, వాళ్లు లేరు.

ఈ రోజుల్లో అలాంటి పట్టిక చూడాలంటే అల్యూమినియం చాలు. మన ఇళ్లలో సత్తు గిన్నె అంటామే, అదే. ఒక టన్ను అల్యూమినియానికి నాలుగైదు టన్నుల బాక్సైట్ రాయి కావాలి, 13 వేల నుంచి 15 వేల యూనిట్ల కరెంటు కావాలి. అందుకే కరెంటు చవకగా దొరికే చోటికి రాయి ప్రయాణం కడుతుంది. ఐస్‌లాండ్‌లో బాక్సైట్ లేదు. నదులున్నాయి, భూమి లోపలి వేడి ఉంది. 1969 నుంచి అక్కడ అల్యూమినియం తీస్తున్నారు. ఆ దేశపు కరెంటులో సగానికి పైగా ఆ కర్మాగారాలే తాగేస్తున్నాయి. పడమటి ఆఫ్రికాలోని గినీ దేశంలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ బాక్సైట్ నిల్వలున్నాయి. అక్కడ అల్యూమినియం తీసే కర్మాగారం ఒక్కటీ లేదు. రాయి రాయిగానే ఓడలెక్కి ఎక్కువగా చైనాకు పోతుంది. మన పక్కనే చూసినా ఇదే వరస. కోరాపుట్ జిల్లా పంచపత్‌మలి కొండ రాయిని దామన్‌జోడిలో పొడి చేస్తారు. ఆ పొడిలో కొంత బొగ్గు కరెంటు ఉన్న అంగుల్‌కు, కొంత విశాఖ రేవు నుంచి విదేశాలకు పోతుంది.

పాఠ్యపుస్తకంలోని ఖనిజ పటంలో మన కొండ ఒక చుక్క. దాని కింద 'వనరు' అని రాసి ఉంటుంది. ఎప్పటి నుంచి వనరు? 1821లో ఫ్రాన్సులో లె బో అనే పల్లె దగ్గర ఈ ఎర్ర రాయిని గుర్తించి, పల్లె పేరే దానికి పెట్టారు. 1886లో ఒక అమెరికా యువకుడు, ఒక ఫ్రాన్సు యువకుడు విడివిడిగా కరెంటుతో అల్యూమినియం తీసే పద్ధతి కనిపెట్టారు. అంతవరకూ ఆ లోహం వెండి బంగారాల సరసన ఉండేది. అప్పుడూ కొండ కొండగానే ఉంది. వాన నీటిని పట్టి ఉంచి వేసవిలో గెడ్డలకు వదులుతూనే ఉంది. మారింది కొండను చూసే కళ్లే. 'దేశానికి బాక్సైట్ ఉంది' అంటారు గానీ దేశం మొత్తం ఆ కొండ మీద కాపురం ఉండదు. ఉండేది కొన్ని పల్లెలు. లాభం లెక్కకట్టేటప్పుడు దేశం అనే మాట వస్తుంది, ఖాళీ చేయాల్సినప్పుడు ఊరి పేరు వస్తుంది.

మనం వ్యాపారానికి ఎదురు కాదు. అరకు, పాడేరు కాఫీ సముద్రాలు దాటుతోంది. చలిదేశంలో కాఫీ కాయదు, మన నీడలో కాస్తుంది. రికార్డో చూస్తే సంతోషించేవాడు. గింజ అమ్మినా చెట్టు మనకే మిగులుతుంది. ధర నచ్చకపోతే వచ్చే ఏడు కొట్లాడవచ్చు. బాక్సైట్ అమ్మిన తర్వాత వచ్చే ఏడు లేదు. ఈ రెండింటినీ 'ఎగుమతి' అనే ఒక్క మాట కింద కలిపి రాయడమే మాకు మింగుడుపడదు.

అందుకే 1997 నాటి సమత తీర్పు మనకు పెద్దది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. 2013లో ఒడిశాలోని నియమగిరిలో కోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. అంతవరకూ ఆ పల్లెలను ఎవరూ అలా కూర్చోబెట్టి అడగలేదు.

ఇక్కడే ఒక ముల్లు మన కాళ్లలోనూ దిగుతుంది. మన ఊరికి కరెంటు తీగ కావాలని మనమే అర్జీలు పెడతాం. ఆ తీగ అల్యూమినియమే. మన కొండ వద్దంటే రాయి ఇంకెక్కడి నుంచో వస్తుంది. గినీలోని బోకే ప్రాంతపు పల్లెలు కూడా దుమ్ము గురించి, పాడైన నీటి గురించి, పోయిన పొలాల గురించి ఫిర్యాదు చేస్తున్నాయి. మన గెలుపు వాళ్ల నెత్తిన బరువుగా పడితే దాన్ని న్యాయం అనగలమా? పాత అల్యూమినియాన్ని మళ్లీ కరిగిస్తే కొత్తగా తీయడానికి పట్టే కరెంటులో 5 శాతమే చాలు. ఆ దారి కొంత భారం తగ్గిస్తుంది, మొత్తం తీర్చదు. మాకు తోచింది ఇంతే: వద్దనే హక్కు మనకు ఎందుకు ఉండాలని వాదించామో, బోకే పల్లెకూ అందుకే ఉండాలి. అక్కడి వాళ్లను అడిగారా అని ముందుగా నోరు తెరవాల్సింది కూడా మనమే.

తరగతిలో ఖనిజ పటం గీయించే టీచర్లు జెర్రెల దగ్గర చుక్క పెట్టించినప్పుడు, ఆ కొండ నుంచి దిగే గెడ్డల్ని కూడా పిల్లలచేత గీయించాలి. బోకే దగ్గర చుక్క పెట్టినప్పుడు అక్కడి వాగుల్ని కూడా.