నీటిలోనికి, నీటిలోనుండి

“మామయ్యా, ఫిన్లాండువారి భాషలో విభక్తులు పదునైదు; మనకు ఏడే. ఇంగ్లీషువారికో, నామమునకు ముందు నిలుచు చిన్న పూర్వపదములే పని నడుపుచున్నవి. వీనిలో మేలైన త్రోవ యేది?” అని, మదరాసులో పాశ్చాత్యభాషలు చదివి వచ్చిన నా మేనల్లుడు మైపాడు తీరమున నన్నడిగెను.

ఎదుట పట్టపువారు తెప్పను అలలకెదురుగా త్రోయుచుండిరి. “ఆ తెప్ప నీటిలోనికి పోవును, నీటిలో నుండును, నీటిలోనుండి వచ్చును. నీరు అను మాట ఈ మూడింట నొక్కదానియందైనను నీరుగా నిలిచినదా, నాయనా? నీటి అయినది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున విభక్తికి ముందు వచ్చు ఈ టివర్ణమును ఔపవిభక్తికమనెను. ఫిన్నిషున నీరు వెసి. నీటిలో వెదెస్సా, నీటిలోనుండి వెదెస్తా, నీటిలోనికి వెతేన్. సంబంధమును ధరించుటకై అచ్చటను ఇచ్చటను వస్తువే తన రూపమును మార్చుకొనుచున్నది.”

“అయినను లెక్కలో మనము వెనుకబడితిమి గదా?”

“ఆ ఏడు సంస్కృతపు అచ్చున పోసిన లెక్క. లోనికి, లోనుండి, పైకి, పైనుండి అనువానిని వేరువేరుగా గణించినచో మన పట్టికయు పెరుగును. ఇట్టి పోలికలను చూచియే కాల్డ్వెలు అను భాషాపండితుడు 1856లో ద్రావిడభాషలకు ఫిన్నిషు మొదలగువానితో చుట్టరికము కలదని తలచెను. తరువాతి పండితులలో పెక్కురు దానిని అంగీకరింపలేదు. నాకు చుట్టరికముకంటె తత్త్వమే ముఖ్యము. వేరువేరుగా నున్న రెండు ద్రవ్యముల కూడికను సంయోగమనియు, దారములందు వస్త్రమువలె విడదీయరాని సంబంధమును సమవాయమనియు నైయాయికులు చెప్పిరి. పూర్వపదము సంబంధమును ముందే చాటి వస్తువుకొరకు వేచియుండును. వస్తువు మార్పులేక వచ్చి దానిని కూడును. అది సంయోగము; మన నీటిలో అనునది సమవాయము.”

“జర్మనులో ఇంటిలో నున్నప్పుడు ఇన్ డేమ్ హౌస్, ఇంటిలోనికి పోవునపుడు ఇన్ డాస్ హౌస్ అందురు. పూర్వపదము మారలేదు, భేదమంతయు విభక్తిదే.”

“కనుకనే పూర్వపదము ఒంటరిగా చాలదనుచున్నాను.”

“మన లో మాత్రము? అది లోపలిభాగమను అర్థముగల లోను అను నామమే గదా! నీటియొక్క లోను నీటిలో అయినది. నైయాయికులకు సమవాయము నిత్యము. వాడుకచే పుట్టినదానిని సమవాయమనవచ్చునా?”

నేను కొంతసేపు ఆలోచించితిని. “వారి శాస్త్రమున అనరాదు. భాషలో మాత్రము సంయోగమే తరతరముల వాడుకచే సమవాయమగుచున్నదని ఒప్పుకొనక తప్పదు. ఫిన్నిషు స్సా అనునదియు పూర్వము స్, నా అను రెండు ప్రత్యయముల కలయికయని భాషాచరిత్రకారులు నిర్ణయించిరి. వారి అతుకు చెరిగిపోయినది. మన లోనికి అను మాటలో లోను, కి అను రెండును ఇంకను కనబడుచున్నవి.”