పుట్టుకకు వేసిన శిక్ష



తపస్సుకాలంలో ఒక ఆదివారం, పూజ అయిన తర్వాత, వేంపల్లెలో జ్ఞానోపదేశం తరగతిలో హిట్లర్ ప్రభుత్వం యూదులను ఏం చేసిందో పిల్లలకు చెబుతున్నాను. చంపింది అరవై లక్షల మందిని అనగానే తరగతి నిశ్శబ్దమైంది. వెనక వరుసలో ఒక పిల్లవాడు లేచి, "యేసుస్వామిని చంపింది వాళ్లే గదా సార్, ఆ పాపం అనుభవించినారేమో" అన్నాడు.

వాడు చెడ్డవాడు కాదు. చీనీ తోటలో కూలికి పోయే తల్లికి ఒక్కగానొక్క కొడుకు, పూజలో పీఠం దగ్గర సేవ చేసేవాడు. ఏటేటా పవిత్ర శుక్రవారం శ్రమల చరిత్రలో 'యూదులు' అన్న మాట విని తన లెక్క తాను వేసుకున్నాడు.

ఆ లెక్క వాడొక్కడిదే అయితే బాధ లేదు. శతాబ్దాల తరబడి క్రైస్తవ దేశాల్లో పెద్దలు వేసిన లెక్కే అది. మన పవిత్ర శుక్రవారపు ప్రార్థనలో కూడా యూదులను నిందించే విశేషణం ఒకటి ఉండేది. 1959లో 23వ జాన్ పోపుగారు దాన్ని తీసివేయించారు. క్రీస్తు శ్రమల నేరాన్ని ఆనాటి యూదులందరి మీదగానీ, నేటి యూదుల మీదగానీ మోపరాదని 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ స్పష్టం చేసింది. యేసు, మరియమాత, అపోస్తలులు యూదులేనని చెప్పేసరికి పిల్లవాడు తెల్లబోయాడు. ఇన్నేళ్లూ మనం చెప్పలేదు మరి!

వాళ్లకు ఏదిత్ స్టయిన్ కథ చెప్పాను. యూదు కుటుంబంలో పుట్టి, 1922లో జ్ఞానస్నానం పొంది, కార్మెల్ మఠకన్య అయింది. 1942 ఆగస్టులో నాజీలు ఆమెను ఆష్విట్జ్‌లో చంపారు. 1998లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. జ్ఞానస్నానం నాజీల లెక్కలోకి రాలేదు, పుట్టుకే వచ్చింది. "అయితే మన ఊర్ల మాదిరే సార్..." అని ఒక అమ్మాయి మొదలుపెట్టి, పక్కవాళ్లను చూసి ఆగిపోయింది. ఆ మాట ఎక్కడికి పోతుందో మీకూ నాకూ తెలుసు.

చంపడం చివరి మెట్టు. 1933 ఏప్రిల్ 1న యూదుల అంగళ్లలో ఏమీ కొనవద్దన్నారు. 1935లో చట్టం చేసి వాళ్ల పౌరహక్కులు తీసేశారు, ఇతరులతో పెళ్లిళ్లు నిషేధించారు. 1938లో పిల్లలను బడి మాన్పించారు. 1941లో బట్టలకు పసుపు నక్షత్రం కుట్టుకోమన్నారు. మన దగ్గర 1985 జూలైలో కారంచేడు గొడవ మొదలైంది దళితుల మంచినీటి చెరువు దగ్గర, ఆరుగురు హతులయ్యారు. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాటతో మొదలై, దళితులను వెలివేయడం దాకా పోయి, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది హత్యతో ముగిసింది.

ఆష్విట్జ్, కారంచేడు ఒకటేనని నేననడం లేదు. అక్కడ ఒక ప్రభుత్వం రైళ్లను, గుమాస్తాలను, కర్మాగారాలను పెట్టి ఒక ప్రజనే లేకుండా చేయబూనింది. ఆ మృతులను మన వాదానికి వాడుకోకూడదు. వాళ్లతో పోల్చి మన నేరాన్ని చిన్నది చేసుకోనూ కూడదు. అయితే మొదటి మెట్లు చూడండి: అంగడి, బడి, పెళ్లి, నీళ్లు. అవి మనకు కొత్తవా?

దూరదేశపు దుర్మార్గుణ్ణి అసహ్యించుకోవడానికి ఖర్చేమీ ఉండదు. సినిమా చూపించి పిల్లలను ఏడిపించనూవచ్చు. అదే పిల్లలు ఇంటికి పోయేసరికి, కొత్తగా వచ్చిన విచారణ గురువుల గురించి "ఫాదరు ఏమిటోళ్లు?" అని మనం గుసగుసగా అడుగుతుంటే వింటారు. సమాధుల దొడ్డిలో ఎవరి వరుస ఏదో కొన్ని ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. శ్రీసభలోనే ఈ వివక్ష ఉందని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో తన దళిత విధానంలో ఒప్పుకుంది. కర్నూలు పీఠాధిపతిగా పనిచేసిన పూల ఆంథోనిగారు 2022లో కార్డినల్ అయినప్పుడు, తొలి దళిత కార్డినల్ అని సంతోషించాం. ఆ 'తొలి' అన్న మాటకు అంతకాలం ఎందుకు పట్టిందని మాత్రం మనలో చాలామందిమి అడగలేదు. నేనూ అడగలేదు.

మాట మధ్యలో ఆపిన ఆ అమ్మాయి ఇంట్లో ఈ సంగతి చెప్పిందట. "గుళ్లో ఇవన్నీ ఎందుకు చెప్తారు?" అని వాళ్ల తాతగారు కోప్పడ్డారట. శనివారం వాళ్లింటికి పోతున్నాను. ఆ పిల్లనూ పక్కన కూర్చోబెట్టుకోమని అడుగుతాను.