గొంతు దిగిన ముద్ద

అన్నం ముద్ద చేతిలో ఉన్నంతవరకు దాన్ని తినాలా వద్దా అన్నది మన ఇష్టం. గొంతు దిగిందా, ఇక దానిపై మన పెత్తనం సాగదు.

నోటిలోని లాలాజలమే పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడం మొదలుపెడుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం మాంసకృత్తుల పని పడుతుంది. దాదాపు 6 మీటర్ల పొడవుండే చిన్నప్రేగులో జీర్ణక్రియ చాలావరకు పూర్తవుతుంది. ఆ ప్రేగు లోపలి గోడ నిండా సన్నని చూషకాలుంటాయి. చక్కెరలు, అమైనో ఆమ్లాలు వాటి ద్వారా రక్తంలో చేరి ముందుగా కాలేయానికి వెళతాయి. కొవ్వులో అధిక భాగం శోషరస నాళాల గుండా పైకి పోయి, మెడ దిగువనున్న పెద్ద సిరలో కలుస్తుంది. కాలేయం కొంత చక్కెరను దాచి, మనం రోజా ఉన్న వేళ కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. సుబ్‌హానల్లాహ్! ఎంతటి ఏర్పాటు!

అయితే ఇంత నేర్పుగల ప్రేగు, ఆ ముద్ద ఏ సొమ్ముతో వచ్చిందని అడుగుతుందా? అడగదు. చెమటోడ్చి సంపాదించిన అన్నమూ, లంచం డబ్బుతో కొన్న అన్నమూ దానికి ఒక్కటే. చెల్లెలికి ఇవ్వని వాటా పొలంలో పండిన బియ్యమూ అంతే బలాన్నిస్తుంది.

“తిన్నది అరుగుతోంది, పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు, ఇక తప్పేముంది?” అని కొందరు తమకు తాము సర్దిచెప్పుకుంటారు. ఒంటికి పట్టినంత మాత్రాన అది ధర్మసమ్మతం (హలాల్) అయిపోదు. హరామ్ ముద్ద తిన్న ప్రతిసారీ కడుపునొప్పి వస్తే లోకంలో ఎవరూ దొంగతనం చేయరు. కాని అది నొప్పికి భయపడటమే తప్ప నిజాయితీ కాదు. అందుకే మంచిచెడుల విచక్షణను అల్లాహ్ మన ప్రేగుకు కాదు, మనకు ఇచ్చాడు. మన పరీక్ష కూడా అక్కడే ఉంది.

తండ్రి తెచ్చినదాన్ని తిన్న పసిబిడ్డది ఏ తప్పూ లేదు. బాధ్యత తెచ్చినవానిదే. తిన్న ముద్దను వెనక్కి తేలేము, అది ఈపాటికి మన కండలో, నెత్తురులో కలిసిపోయింది. అయినా చెల్లెలి హక్కు అరిగిపోలేదు. అది ఇంకా మన మెడపైనే ఉంది. దాన్ని ఆమెకు అప్పగించకుండా నోటితో చేసే తౌబా పూర్తికాదు.

మనం ‘బిస్మిల్లాహ్’ అని ముద్ద ఎత్తేది, ఆ ముద్ద ఇంకా మన చేతిలో ఉన్నప్పుడే. “ఇది ఎవరి సొమ్ము?” అని అడగవలసింది కూడా అప్పుడే.

అల్లాహ్ మనందరికీ ధర్మసమ్మతమైన ఉపాధిని ప్రసాదించుగాక! ఆమీన్.