అష్టావక్రుడు పల్లెవెలుగు ఎక్కితే

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం మీదుగా కాటన్ బ్యారేజీ దాటి బొబ్బర్లంక, రావులపాలెం వైపు పోయే బస్సులో కిటికీ సీటు దొరికినవాళ్లకు గోదావరి కనిపిస్తుంది. నిలబడ్డవాళ్లకు బస్సు గోడలకు అంటించిన కాగితాలే గతి. బరువు తగ్గాలా, బరువు పెరగాలా, పొట్టిగా ఉన్నారా, జుట్టు రాలుతోందా అని అడిగి కింద ఫోన్ నంబరు ఇచ్చే కాగితాలు మన బస్సుల్లో ఎవరికీ కొత్త కాదు. టీవీలో అయితే చానల్ మారుస్తారు, పత్రికలో అయితే పేజీ తిప్పుతారు. బస్సులో ఆ వీలు లేదు.

ఈ వీలు లేకపోవడాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1974లోనే పట్టించుకుంది. ఒహాయోలోని షేకర్ హైట్స్ నగరం తన రవాణా వాహనాల్లో ఎన్నికల ప్రకటనలు వేయనంటే కోర్టు నగరాన్నే సమర్థించింది. ప్రయాణికుడు ఇష్టం లేకున్నా చూడక తప్పనివాడని న్యాయమూర్తి డగ్లస్ విడిగా రాశారు. 2015లో లండన్ మెట్రోలో ప్రోటీన్ వరల్డ్ కంపెనీ బికినీ మోడల్ బొమ్మ పెట్టి, బీచ్‌కు మీ ఒళ్లు సిద్ధంగా ఉందా అని అడిగింది. ఆ ప్రకటన తీయించాలని 70 వేల మందికి పైగా సంతకాలు చేశారు. మరుసటి ఏడాది మేయర్ సాదిక్ ఖాన్, ఒంటి ఆకారం మీద ఒత్తిడి పెంచే ప్రకటనలు నగర రవాణాలో ఉండవని ప్రకటించారు.

ఒళ్లు సిద్ధంగా ఉందా అని ధవళేశ్వరం రామపాదాల రేవులో ఎవరూ అడగరు. పొట్టలు, ముడతలు, గూనులు అన్నీ కలిసే మునుగుతాయి. తీర్థంలో కులం అడిగిన రోజులున్నాయి గాని, నడుము కొలత అడిగిన రోజు లేదు.

ఒంటిని వెక్కిరిస్తే ఏం చేయాలంటే మన పెద్దల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: దేహం నువ్వు కాదు, ఎవడేమంటే నీకేం? సాక్ష్యానికి అష్టావక్రుణ్ని పిలుస్తారు. ఎనిమిది వంకరల ఒంటితో జనకుడి సభకు వచ్చిన కుర్రాణ్ని చూసి పండితులు నవ్వితే, తోలు చూసి వెలకట్టే వాళ్ల మధ్యకు వచ్చానా అని ఆయన తిరిగి నవ్వాడంటారు. ప్రవచనాల్లో ఇక్కడ చప్పట్లు పడతాయి.

ఆ జవాబులో దెబ్బ ఎవరికి తగిలింది? అది తిట్టుగా పనిచేయాలంటే, తోలుపని చేసేవాళ్లు తక్కువవాళ్లని సభంతా ముందే ఒప్పుకుని ఉండాలి. ఒంటి మీది వెక్కిరింతను కులం మీది వెక్కిరింతతో తీర్చారన్నమాట. నిజానికి ఈ మాట వ్యాసభారతంలో లేదు, జనం నోట పెరిగింది. అరణ్యపర్వంలో ద్వారపాలకుడు ఆయన్ను ఆపేది చిన్నవాడని. తల నెరిసినంతలో పెద్దరికం రాదని వాదించి, అష్టావక్రుడు లోపలికి వెళ్లి ఆస్థాన పండితుడు వందిని గెలుస్తాడు. నీళ్లపాలైన తండ్రి కహోడుణ్ని తిరిగి దక్కించుకుంటాడు. చివరికి తండ్రి మాట మీద సమంగ అనే నదిలో మునిగి లేస్తే వంకరలన్నీ పోతాయి!

ఒంటితో పనిలేదని చూపించినవాడికి కథ ఇచ్చిన బహుమానం తిన్నని ఒళ్లు. మధురలో కృష్ణుడు కుబ్జ గూని సరిచేయడమూ ఇదే దారి. బరువు తగ్గించే కేంద్రాల వాళ్లు వేసే 'ముందు, తర్వాత' ఫొటోల్లా, వంకర ఒళ్లు వంకరగానే పూజ్యమన్న మాట దగ్గర ఈ కథలు ఆగలేకపోయాయి.

శాస్త్రానిదీ అదే తడబాటు. అవయవలోపం ఉన్నవాళ్లనూ, అందం లేనివాళ్లనూ ఎత్తిపొడవొద్దని మనుస్మృతి నాలుగో అధ్యాయం చెబుతుంది. రాగిజుట్టు పిల్లనూ, రోగిష్టి పిల్లనూ పెళ్లాడొద్దని అంతకు ముందు అధ్యాయమే చెప్పేసింది. ఖురాన్ 49వ సూరా ఒకరినొకరు వెక్కిరించుకోవద్దంటుంది. బైబిలు లేవీయకాండం 19వ అధ్యాయం ఇంకో అడుగు వేసి, చెవిటివాణ్ని తిట్టొద్దంటుంది. వాడికి వినపడదు, కాబట్టి బాధా లేదు. అయినా తప్పే. అంటే తప్పు తిట్టే నోటిలో ఉంది. అష్టావక్రుడు నొచ్చుకోకపోయినా సభ చేసింది తప్పే. వైరాగ్యం నేర్చుకొమ్మని బస్సెక్కిన పదహారేళ్ల పిల్లకు చెప్పడం, సభను వదిలేసి కుర్రాడికి బుద్ధి చెప్పడమే.

మన చట్టం ఎక్కువగా అడిగేది వేరే ప్రశ్న: ప్రకటన నిజమా, కాదా? 1954 నాటి అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టం ఊబకాయానికీ, పొడుగు పెరగడానికీ మందుందని ప్రకటించడాన్ని నేరం చేసింది. లావును చూసి నవ్వడం దాని పరిధిలోకి రాదు. 2022 నాటి కేంద్ర మార్గదర్శకాలు పిల్లల్లో తమ ఒంటి మీద చులకన పెంచే ప్రకటనలు వద్దన్నాయి. అది పిల్లలను ఉద్దేశించిన, పిల్లలను వాడుకునే ప్రకటనల వరకే. 2021 సెప్టెంబరులో తెలంగాణ ఆర్టీసీ ఎండీ సజ్జనార్ బస్సుల మీద అసభ్య పోస్టర్లు ఉండవన్నారు. అక్కడి అభ్యంతరం ఒళ్లు కనిపించడం మీద. చీర కొంగు నిండా కప్పుకున్న మనిషి బొమ్మతోనూ ఇంకొకరి ఒంటిని అవమానించవచ్చు. అసభ్యతనూ అవమానాన్నీ కలిపేస్తే నిషేధం ఆడవాళ్ల బట్టల కొలతల మీదికి పోతుంది.

ఏపీఎస్‌ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లు ఉచితంగా ఎక్కుతున్నారు. ఆ గోడ ప్రభుత్వానిది, దాన్ని చూసేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. 2027 గోదావరి పుష్కరాలకు రద్దీ ఇంకా పెరుగుతుంది. ఒంటిని వెక్కిరించేవి వద్దని ప్రకటనల ఒప్పందంలో ఒక షరతు పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. షుగరు పరీక్ష చేయించుకోండనే ఆసుపత్రి ప్రకటన ఉండొచ్చు, నల్లగా ఉంటే సంబంధం రాదనేది పోవాలి. ఇంతవరకు ఎవరైనా తేల్చగలరు. చిక్కు సినిమా పోస్టరు దగ్గర వస్తుంది. లావుపాటి హాస్యనటుడి పొట్టే అందులో నవ్వు తెప్పించే సరుకు, నటుడు ఒప్పుకునే నటించాడు, అతనికి బాధా లేదు. లేవీయకాండం లెక్కలో అది సరిపోదు. పోస్టరు అంటించడానికి ముందు ఆర్టీసీ అడగాల్సింది నటుడి అంగీకారమా, అదే ఒంటితో ఆ బస్సెక్కేవాడి అంగీకారమా అన్నది షరతు రాసేవాళ్లు తేల్చాలి.