సారథి చిత్తం

కోపం వచ్చినవాడు తనకు కోపం వచ్చినదని అందరికంటె ఆలస్యంగా తెలిసికొంటాడు. ఇంటిలో ఈ ఆలస్యానికి మూల్యం ఒక కటువైన మాట. రహదారి మీద మూల్యం వేరు. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకండులో 20 మీటర్లు సాగిపోతుంది. తన్ను దాటిపోయిన కారును వెన్నంటి తరిమేవాడు, పని తొందర వల్లనే అట్లు పోతున్నానని తనకు తాను చెప్పుకొంటాడు. అది రోషమని అతనికి తోచదు. 2022లో భారతదేశపు రహదారులపై 1,68,491 మంది మరణించినారు. వారిలో నూటికి 71 మంది మరణానికి ప్రభుత్వ నివేదిక అతివేగాన్ని కారణంగా చూపినది. అతివేగం కొలతకు అందుతుంది; దాని వెనుక ఉన్న రోషమూ, గర్వమూ, భయమూ ఏ పట్టికకూ ఎక్కవు.

కురుక్షేత్రంలో ఇద్దరు సారథులు కనబడుతారు. అర్జునుని దేహం వణకినది, రోమాలు నిక్కబొడుచుకొన్నవి, విల్లు చేజారినది. రథం రెండు సేనల నడుమ నిలిచి ఉన్నది. రథికుని మనస్సు కుదుటపడే వరకు కృష్ణుడు దానిని కదలించలేదు. కర్ణునికి సారథియైన శల్యుడు అశ్వహృదయం ఎరిగినవాడు, కర్ణుని హృదయం కూడ ఎరిగినవాడే. ఎక్కడ నొక్కితే నొచ్చునో చూచుకొని, ధర్మరాజునకు ఇచ్చిన మాట ప్రకారం, దారి పొడుగునా అతని తేజస్సును హరించినాడు. ఇద్దరూ ఎదుటివాని భావాన్ని సరిగానే గుర్తించినారు. గుర్తించడం దానంతట అది సుగుణం కాదన్నమాట.

నేడు ఈ పని యంత్రానికి అప్పగింపబడుతున్నది. చోదకుని ఎదుట అమర్చిన కెమెరా అతని రెప్పపాటునూ, చూపు మరలడాన్నీ, ముఖవికారాన్నీ కనిపెడుతుంది. ఐరోపా సమాఖ్యలో 2024 జూలై నుండి కొత్త మోటారు వాహనాలలో నిద్రమత్తును గుర్తించి హెచ్చరించే పరికరం తప్పనిసరి అయినది. పనిచేసేచోటా, విద్యాలయాలలోనూ మనుష్యుల భావోద్వేగాలను యంత్రం చేత పసిగట్టించడంపై అదే సమాఖ్య విధించిన నిషేధం 2025 ఫిబ్రవరిలో అమలుకు వచ్చినది. వైద్యానికీ, భద్రతకూ మాత్రం అందులో మినహాయింపు ఉన్నది. లారీ నడిపేవానికి లారీయే పనిచేసేచోటు. అతని ముఖం నిషేధం చాటున ఉన్నదా, మినహాయింపు కింద ఉన్నదా?

నిద్రమత్తును కనురెప్ప దాచలేదు. రోషం అట్లు కాదు. భరతుడు ముప్పదిమూడు వ్యభిచారి భావాలలో శ్రమను, నిద్రను, ఉగ్రతను చెప్పి, వాటి సరసనే అవహిత్థను, అనగా భావాన్ని దాచుకొనే భావాన్ని కూడ చేర్చినాడు. నటులకు శాస్త్రం వ్రాసినవానికి ముఖం ఎంతవరకు నమ్మదగినదో తెలియదా! యజమాని పెట్టించిన కెమెరా ఎదుట ప్రసన్నంగా ఉండడం చోదకుడు నాలుగు రోజులలో నేర్చుకొంటాడు. అప్పుడు యంత్రానికి కనబడేది ప్రసన్నత, బండిని నడిపేది అమర్షం.

రాత్రియంతా బండి నడిపినవానికి అతని అలసటను ఎవరూ తెలుపనక్కరలేదు. తెల్లవారేలోగా సరకు చేరకపోతే బాడుగలో కోత పడుతుందని కూడ అతనికి తెలుసు. భారతదేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పనికి రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని సామాన్య పరిమితి విధించినది. అది ఎంతవరకు అమలు జరిగినదో లారీలవారిని అడిగితే చెబుతారు. అలసటను చూచి గంట మోగించి, ఆ నమోదును జీతం కోయడానికి ఉపయోగించే పరికరం శల్యుని పక్షానిది. బండి నిలుపుకొనే చోటు చూపి, ఆలస్యాన్ని క్షమించే ఏర్పాటు దానికి తోడైతే అప్పుడు దాని పక్షం మారుతుంది.

సొంత కారు నడిపేవానికి ఇట్టి యజమాని లేడు. రథికుడూ సారథీ అతడే. కఠోపనిషత్తు బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గంగా, ఇంద్రియాలను గుర్రాలుగా చెప్పినది. పగ్గం బిగిసినదని సారథికి తెలియకపోతే గుర్రాలను అని ప్రయోజనమేమి? దవడ బిగిసినది, స్టీరింగును పట్టిన వ్రేళ్లు తెల్లబారినవి, హారను మీది చేయి ఇంకా లేవలేదు. ఈ గురుతులు కెమెరాకంటె ముందుగా అతనికే అందుతాయి. ముందుపోయేవానికి బుద్ధి చెప్పాలన్న మాట లోపల మొదలైనపుడే దానికి రోషమని పేరు పెట్టగలిగినవాడు యాక్సిలరేటరు మీది కాలును కొంచెం సడలించి, ఆ బండిని పోనిస్తాడు.